వాసనల ఆట

నాచారంలో ఆ వీధి పిల్లలకు అ ఆల కంటే ముందే కిటికీలు మూయడం వస్తుంది. ఫ్యాక్టరీల వైపు నుంచి గాలి మళ్ళిందంటే చాలు, దగ్గరున్న వాళ్ళు లేచి రెక్కలు వేసేస్తారు. ఎందుకని ఎవరూ అడగరు. నీరజ అక్కడి బడిలో టీచరుగా చేరిన కొత్తలో అడిగింది. "గిది మా అత్తరు, టీచరమ్మా" అని ఆయా శ్యామలమ్మ నవ్వింది. ఉప్పల్ హాస్టల్ నుంచి రోజూ షేర్ ఆటోలో వచ్చే నీరజకు, ఏడాది తిరిగేసరికి ఆ వాసన తెలియడమే మానేసింది.

ఆ రోజు ఎల్‌కేజీ పిల్లలకు వాసనల ఆట. యూకేజీ వాళ్ళు పార్కుకు వెళ్ళారు కాబట్టి రెండు తరగతుల బడి నిశ్శబ్దంగా ఉంది. కాగితపు కప్పుల్లో మల్లెపూలు, కాఫీ పొడి, నిమ్మతొక్క, ఇంగువ వేసి పైన పలచటి గుడ్డ కట్టింది నీరజ. పొద్దుటి నుంచి గాలి అటు నుంచే వీస్తోందని కిటికీలు మూసింది. వాసనలు ఒకదానితో ఒకటి కలవకుండా ఫ్యాను కూడా ఆపింది. పిల్లలను చాప మీద గుండ్రంగా కూర్చోబెట్టి కళ్ళకు రుమాళ్ళు కట్టింది.

"తేజేష్, ఇదేందో చెప్పు?"

"మా నానమ్మ!"

"నానమ్మనా?"

"నానమ్మ దగ్గర గిట్లనే వాసనొస్తది టీచర్."

కప్పులో ఉన్నది ఇంగువ. నీరజ నవ్వాపుకుని సిరి దగ్గరికి వెళ్ళింది. సిరి వాళ్ళు జనగామ దగ్గరి పల్లె నుంచి పోయిన వారమే వచ్చారు. మల్లెపూల కప్పు ముక్కు దగ్గర పెడితే ఆ పిల్ల మొహం తిప్పుకుంది.

"గ్యాసు."

"కాదు బంగారం, మంచిగ సూడు."

"గ్యాసే. గిట్లొస్తే మా అమ్మ ఉరికొచ్చి బంద్ జేస్తది."

నిమ్మతొక్కకూ అదే మాట, కాఫీకీ అదే మాట. "సిరికి ముక్కు లేదు, సిరికి ముక్కు లేదు" అని తేజేష్ పాట కట్టాడు. కొత్త పిల్ల కదా, ఫ్యాక్టరీ వాసన ఇంకా అలవాటు కాలేదనుకుంది నీరజ. కాస్త గాలి ఆడాలని ఫ్యాను స్విచ్ దగ్గరికి వెళ్తూ వెనక్కి చూసింది. హరిణి పక్కకు ఒరిగి పడుకుని ఉంది.

"ఏమైందమ్మా?"

"తలకాయ నొస్తుంది టీచర్."

స్విచ్ మీద పెట్టబోయిన వేలు ఆగిపోయింది. నీరజ వెనక్కి వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, పిల్లల ముక్కులు ఉన్న ఎత్తుకు తల దించింది. అప్పుడు తగిలింది. నిలబడి ఉన్నంతసేపూ తనకు అందనిది, చాప మీద నీళ్ళలా పరుచుకుని ఉంది.

వెనక వంటగదిలో అన్నాలు వేడిచేసే వేళ అవుతోంది.

"లేవండి, రైలు కడదాం" అంది.

"ఇంజిన్ నేనే!" అన్నాడు తేజేష్.

"నువ్వే. కూత మాత్రం పెట్టొద్దు."

రుమాళ్ళు లాగేసి, హరిణిని ఎత్తుకుని, పిల్లలను గేటు బయటికి నడిపించింది. గేటు పక్క గదిలో ఉన్న ప్రిన్సిపాల్ తారామణిని బయటికి పిలిచి, హరిణిని ఆమె చేతుల్లో పెట్టింది. "మేడం, గ్యాసు లీకవుతోంది. లోపల ఏ స్విచ్చూ ముట్టుకోవద్దు" అని వెనక్కి పరుగెత్తింది.

వంటగదిలో శ్యామలమ్మ లైటరు చేత్తో పట్టుకుని పొయ్యి ముందు నిలబడి ఉంది. "పాలు పొంగి మంట ఆరిపాయె, టీచరమ్మా. చెట్లకు నీళ్ళు పోసొచ్చేలోపల..."

నీరజ ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"గట్ల పట్టుకున్నవేంది?"

"గ్యాసు, శ్యామలమ్మా."

శ్యామలమ్మ రెండుసార్లు ముక్కు ఎగబీల్చింది. "గది ఫ్యాక్టరీది గద బిడ్డా?"

నీరజ లైటరు లాక్కుని, పొయ్యి కట్టేసి, సిలిండర్ రెగ్యులేటరు మూసింది. వెనక తలుపు తెరిచింది. కిటికీలన్నీ ఒక్కొక్కటిగా తెరిచి, శ్యామలమ్మను తీసుకుని గేటు బయటికి వచ్చింది.

కాసేపటికి తారామణి హరిణిని శ్యామలమ్మకు ఇచ్చి ఒకసారి లోపలికి తొంగిచూసి వచ్చింది. "పోయిందమ్మా, ఏ వాసనా లేదు. ఇప్పుడు తల్లులు వస్తారు. పిల్లలు రోడ్డు మీద కనిపిస్తే ఏం సమాధానం చెప్తాం? లోపల కూర్చోబెట్టు, నీరజా."

నీరజ గుమ్మం దాకా వెళ్ళి గాలి గట్టిగా పీల్చింది. నిజమే, ఏమీ లేదు. ఇందాక గదిలో నిలబడి పీల్చినప్పుడూ ఏమీ లేదు.

తిరిగి వచ్చి సిరిని ఎత్తుకుని గుమ్మం వైపు తిప్పింది. "పోయిందా, బిడ్డా?"

సిరి ముక్కు పైకెత్తింది. ఆ పిల్ల నీరజ చున్నీ పిడికిట్లో పట్టుకుని మొహం అందులో దాచుకుంది.

నీరజ పిల్లలను వీధి చివరి వైపు మళ్ళించింది. "మేడం, మీరు గూడ రండి" అంది వెనక్కి తిరిగి.

"అనవసరంగా భయపెడుతున్నావు" అంది తారామణి. కానీ ఆమె గుమ్మం దాకా వెళ్ళి, గడపకు ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి, తలుపు రెక్క పట్టుకుని, తనకు తెలియని దేన్నో వాసన చూస్తూ నిలబడిపోయింది.