మొక్కులు దాచుకున్న గోడ

సమ్మమ్మ రోజూ పొయ్యి రాజేయకముందే గోడకు చెవి ఆనించి కాసేపు నిలబడేది. ఆ ఇంట్లో మొక్కిన ప్రతి మొక్కునూ ఆ మట్టిగోడ దాచుకునేది. పోయిన అత్త కట్టమ్మ గొంతు, పోయిన మొగుడు రాయమల్లు గొంతు అందులోనే ఉండేవి. ఎండాకాలం చెవి పెడితే గాని వినపడవు. వానలకు గోడ నానిందంటే మాత్రం ఇంటిల్లిపాదికీ నిద్ర కరువే. డోర్నకల్ పక్కనున్న ఆ వాడలో దీన్నెవరూ వింతగా చూడలేదు. బతికున్నప్పుడు కూడా మీ అత్త ఒక్క దేవుడితో సరిపెట్టుకునేది కాదని పక్కింటి భాగ్యమ్మ నవ్వేది, అంతే.

అది నిజమే. వాళ్లు ఆదివారం చర్చికి పోయేవాళ్లు, మైసమ్మకు కోడిని కోసేవాళ్లు, పీర్ల పండుగకు మలీద చేసేవాళ్లు. ఒకటి చేస్తే ఇంకోటి చేయకూడదని ఎమర్జెన్సీ పోయిన మరుసటేడు దాకా సమ్మమ్మకు ఎవరూ చెప్పలేదు. ఆ ఏడు కొడుకు బాలకిషన్‌కు రైల్వేలో గ్యాంగ్‌మన్ ఉద్యోగం వచ్చింది. చేరాలంటే హరిజన సర్టిఫికెట్ కావాలి. హిందువులైతేనే ఆ సర్టిఫికెట్ ఇస్తారు. వీళ్లు కిరస్తానోళ్లని ఏ పుణ్యాత్ముడో తాసిల్ ఆఫీసులో అర్జీ పడేశాడు.

ఆ ఆఫీసు నుంచి విచారణకు వచ్చే రెవెన్యూ గిర్దావరు ఎవరో తెలిశాక సమ్మమ్మకు కాళ్లూ చేతులూ ఆడలేదు. అతను గడీ పెద్దదొర కొడుకు రాజేశ్వర్ రావు. మూడు తరాలు ఆ గడీలో వెట్టి చేసిన ఇల్లు వీళ్లది. రైలు ఉద్యోగం తప్పిపోతే బాలకిషన్‌కు మిగిలేది కూడా ఆ గడీలో జీతగాడి బతుకే.

ఏసు పటాన్ని బియ్యం కుండలో దాచింది. భాగ్యమ్మ ఇంటి నుంచి రాముడి పటం తెచ్చి మేకుకు తగిలించింది. ఇక గోడ నోరు మూయించాలని ఎర్రమన్నూ పేడా కలిపి దట్టంగా అలికింది. తడిస్తే గోడ గొంతు పెరుగుతుందని కాపురానికి వచ్చిన నాటి నుంచీ తెలిసిన మనిషే. ఆ కంగారులో మతి ఎక్కడ పెట్టిందో ఏమో!

గిర్దావరు మరునాడు పొద్దున్నే, అలుకు ఆరకముందే వచ్చాడు. రాముడి పటాన్నీ, కొత్త మేకునూ చూశాడు. కాగితం తీసి అడిగాడు.

"ఏ దేవునికి మొక్కుతరే?"

సమ్మమ్మ నోరు తెరిచేలోపు గోడ అందుకుంది. కట్టమ్మ గొంతు ఏసయ్యను పిలిచింది. గిర్దావరు కలం కాగితం మీద పెట్టాడు. అంతలో అదే గొంతు మైసమ్మను పిలిచింది, రాయమల్లు పీరును పిలిచాడు. ఏం రాయాలో తోచక గిర్దావరు కలం ఎత్తాడు. అప్పుడు వినపడింది అసలు కోరిక.

"పెద్దదొర కొరడ నా కొడుకు మీద పడకుండ సూడు."

"నా బిడ్డను గడీకి పిలువకుండ సూడు."

గొంతులు మారాయి, దేవుళ్లు మారారు, కోరిక మారలేదు. పెద్దదొర పేరు విన్న ప్రతిసారీ అతని కొడుకు తల ఇంకాస్త వంగింది. వాడ దాటి బయటికి పోని మాటలవి. వినకూడని మనిషే విన్నాడు. ఇక ఉద్యోగం కాదు, కొడుకు ప్రాణమే దక్కదనుకుంది సమ్మమ్మ.

రాజేశ్వర్ రావు తలెత్తాడు.

"వీళ్లల్ల ఏ దేవుడు విన్నడు?" అన్నాడు.

అబద్ధమాడే ఓపిక కూడా ఆమెకు లేకపోయింది. "ఇంక ఎవ్వరు వినలే దొరా. అందుకే అందరిని అడుగుతానం."

అతను కాగితం మీద ఏదో రాసి, సంతకం పెట్టి, గడప దగ్గర నిలబడ్డ బాలకిషన్ చేతికిచ్చాడు. వెళ్లిపోయాడు. బాలకిషన్ రెండుసార్లు చూసుకుని తల్లికి చదివి వినిపించాడు. హిందువులే, సర్టిఫికెట్ ఇవ్వవచ్చు అని ఉంది.

సమ్మమ్మ అక్కడే కూలబడింది. మూడు తరాల మొక్కు తీరింది. ఇప్పుడు దాన్ని ఎవరికి చెల్లించాలో ఆమెకు తెలియలేదు.