మేనమామ కూర్చునే చోటు

పెళ్ళి పది రోజులుందనగా మా అన్న మారులక్ మామిడిచెట్టు మీంచి పడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. అరవై ఏళ్ళ మనిషికి చెట్టెక్కే పనేమిటని నేను అడగలేదు. మా వదిన అప్పటికే చాలాసార్లు అడిగేసింది. మేడాన్ పట్నం ఆస్పత్రిలో కాలు పైకి కట్టి పడుకోబెట్టారు. నెల దాకా కదలకూడదన్నారు.

దూమా నా ఒక్కగానొక్క కూతురు. దాని పెళ్ళికి మేనమామ రాడని తెలిసి ఊళ్ళో అందరూ అయ్యో అన్నారు, అని నా మొహం వంక చూశారు. ఎందుకు చూశారో నాకు తెలుసు. నా పెళ్ళికీ మేనమామ రాలేదు. పొలం గట్టు దగ్గర మావాళ్ళతో తగువు పెట్టుకుని మా అమ్మ తమ్ముడు ఇంట్లోనే కూర్చున్నాడు. ఆయన కోసం పరిచిన చాప సాయంత్రం దాకా ఖాళీగానే ఉంది. ఆ తర్వాత చాలా ఏళ్ళు నాకు పిల్లలు పుట్టకపోతే "ఖాళీ చాప" అన్నారు. దూమా పుట్టి నడకలు నేర్చేలోపే మా ఆయన తోగార్ సరస్సులో పడవ బోల్తాపడి పోయాడు. అప్పుడూ "ఖాళీ చాప" అన్నారు.

నేను నమ్మను. గాలివానకి పడవ బోల్తాపడితే చాప ఏం చేస్తుంది? కానీ నేను నమ్మకపోతే సరిపోదు. రేపు నా కూతురికి చిన్న జ్వరం వచ్చినా అదే మాట దాని చెవిన పడుతుంది. బతికినన్నాళ్ళూ నేను విన్నది చాలు, అది వినకూడదు. అందుకని పెళ్ళి మాటలకి పెద్దలు కూర్చున్న రోజున ముందే చెప్పేశాను.

"మా అన్న రాలేడు. ఫోన్‌లో దీవిస్తాడు."

మా వైపు మాట్లాడే పెద్దమనిషి జోంగీ పెద్దయ్య తమలపాకు నమలడం ఆపాడు. "ఫోన్‌లోనా? ఆ ఫోన్ ఎవరు పట్టుకుంటారమ్మా?"

"నేను పట్టుకుంటాను."

"అంటే మీ అన్న నీ అరచేతిలో చిలకలాగా కూర్చుని దీవిస్తాడన్నమాట. అందరికంటే కింద."

పెళ్ళికొడుకు చిన్నాన్న పార్లిన్‌కి నోరు ఊరుకోదు. "మాకేం అభ్యంతరం లేదండీ. మామగారు అంత చిన్నగా ఉంటే ఆయనకిచ్చే పందిమాంసం వాటా కూడా అంత ముక్కే సరిపోద్ది."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. మా దగ్గర పిల్లనిచ్చిన వైపువాళ్ళు పైన, పిల్లని తీసుకున్నవాళ్ళు కింద. దీవెన పైనుంచి కిందికి దిగాలి. నా పుట్టింటివాడు, నా కూతురి మేనమామ, ఆ గదిలో అందరికన్నా పైన ఉండాల్సినవాడు. వాణ్ణి చిలకని చేస్తే ఎలా?

"ఫోన్‌లో కాకుండా ఎలాగైతే ఒప్పుకుంటావో చెప్పు పెద్దయ్యా," అన్నాను.

ఆయన మళ్ళీ తమలపాకు నమలడం మొదలుపెట్టాడు. "మనిషి మొహం మనిషి మొహమంతైనా కనపడాలి. ఎవరి చేతిలోనూ ఉండకూడదు. మాట గదంతా వినపడాలి. చెయ్యగలిగితే చెయ్యి. లేదంటే మీ వదిన వచ్చి ఉలోస్ కప్పి వెళ్తుంది, మీ అన్న చాప అలా ఖాళీగా ఉంటుంది."

ఉలోస్ అంటే పెళ్ళికూతురికీ పెళ్ళికొడుక్కీ కలిపి మేనమామ కప్పే నేత శాలువా. దాన్ని మా వదిన లమ్రియా ఎలాగూ తెస్తుంది. నాక్కావలసింది చాప మీద మనిషి.

మనిషి మొహమంత మొహం చూపించగలిగినది ఇంట్లో ఒక్కటే ఉంది, తోగార్ కొన్న పాత టీవీ. వెనక మూపురం ఉన్న రకం, ఇద్దరు మోస్తేగానీ లేవదు. దాన్ని వంటింటి తలుపు పక్కన పెట్టి, చుట్టూ టేకు చెక్కతో అల్మరా కట్టాడు. కట్టాక చూస్తే టీవీ ఇక బయటికి రాదు. ఇదేం పనయ్యా అంటే, "అదెక్కడికి పోవాలట?" అన్నాడు. పక్కింటివాళ్ళ పల్చటి టీవీ అడిగాను. గోడకి బిగించాం, ఊడదీస్తే మళ్ళీ బిగించేవాడు సరస్సు అవతలి బాలిగె నుంచి రావాలన్నారు. లోపల నాలుగు తిట్టుకుని సరేనన్నాను.

దూమా తన ల్యాప్‌టాప్ తెచ్చి టీవీ పక్కన స్టూలు మీద పెట్టింది. ల్యాప్‌టాప్‌కి పక్కన పల్చటి సందులాంటిది ఒకటుంది. టీవీకేమో పసుపు, తెలుపు, ఎరుపు రంగుల్లో మూడు గుండ్రటి కన్నాలు.

"అమ్మా, ఈ రెండింటికీ ఏ చుట్టరికమూ లేదే," అంది.

"చుట్టరికం కలపడానికేగా పెళ్ళిళ్ళు చేసేది. మధ్యవర్తి ఎవడో ఒకడుంటాడు."

ఉన్నాడు. అడాప్టర్ అంటారట. పొద్దున పడవెక్కి సరస్సు దాటి బాలిగె వెళ్ళాను. కొట్టువాడికి రెండు రకాల కన్నాలూ చేత్తో గీసి చూపించాను. అగ్గిపెట్టెంత తెల్ల పెట్టె ఒకటి ఇచ్చాడు. "ఇదేనమ్మా, అందరూ ఇదే తీసుకెళ్తారు." తీగలు కూడా కొనుక్కుని ఇంటికొచ్చి, పసుపుకి పసుపు, తెలుపుకి తెలుపు, ఎరుపుకి ఎరుపు పెట్టి, ఇటు ల్యాప్‌టాప్‌కి తగిలించాం. టీవీ నీలంగా వెలిగి అలాగే ఉండిపోయింది. తీగలు పీకి మళ్ళీ పెట్టాం. టీవీని రెండు దెబ్బలు కొట్టాను, పూర్వం దానికి అలవాటే. ఏం లేదు.

చివరికి దూమా ఆ పెట్టెని వెలుతురులో తిప్పి చూసింది. దాని మీద చిన్న బాణం గుర్తు ఉంది. "అమ్మా, ఇది మూడు రంగుల వైపు నుంచి తీసుకుని ఇటు ఇస్తుంది. మనకి ఇటునుంచి అటు పోవాలి."

"అయితే తిప్పి పెట్టు."

"తిప్పితే అవ్వదమ్మా. వచ్చే దారి వేరు, పోయే దారి వేరు. రెండూ చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయంతే."

పెళ్ళి రెండు రోజుల్లో ఉంది. ఇంటి నిండా పనులు. మా తోడికోడలు "ఇంక వదిలెయ్యక్కా, లమ్రియా వదిన వస్తోందిగా" అంది. ఆమె పుట్టింటివాళ్ళు ఆమె పెళ్ళికి బండెడు మంది వచ్చారు, ఆమెకేం తెలుస్తుంది. మర్నాడు మళ్ళీ పడవెక్కాను.

కొట్టువాడు తల గోక్కున్నాడు. "రెండూ ఒకేలా ఉంటాయి కదమ్మా, పొరపాటైంది."

"కవలపిల్లలు కూడా ఒకేలా ఉంటారు నాయనా, అయినా వేరే పేర్లు పెడతారు. ఈసారి నీ టీవీకి పెట్టి చూపించు. బొమ్మ చూశాకే లేస్తాను."

"ఇక్కడ పాత టీవీ లేదమ్మా."

"తెప్పించు."

వాడి స్టూలు మీదే కూర్చున్నాను. వచ్చినవాళ్ళు నన్ను తప్పుకుంటూ అటూ ఇటూ తిరుగుతున్నారు. కొట్టువాడు కాసేపు చూసి, నేనిక లేవనని తెలిసి, వెనకవీధి రిపేరు కొట్టు నుంచి పాత టీవీ ఒకటి మోయించుకొచ్చాడు. బొమ్మ వచ్చింది. లేచాను.

ఇంట్లో పెడితే మళ్ళీ తిప్పలు. ముందు అసలు వెలగలేదు. ఆ పెట్టెకి తిండి వేరేగా పెట్టాలట, కరెంటు కోసం ఇంకో సన్న తీగ ల్యాప్‌టాప్‌కి గుచ్చాం. తర్వాత బొమ్మ నలుపు తెలుపుల్లో వణికింది. పెట్టె పక్కన గోరంత మీట ఉంటే పిన్నీసుతో అటు నెట్టాను, రంగులొచ్చాయి. మాట మాత్రం ల్యాప్‌టాప్ గొంతులోనే సన్నగా వస్తోంది. దూమా ఏవో నొక్కి మాటని కూడా టీవీలోకి పంపింది. అప్పుడు ల్యాప్‌టాప్‌లో మా అన్నకి వీడియో కాల్ కలిపాం. ఆ పాత గాజు మీద వాడి మొహం, మామూలు మొహం కంటే కొంచెం పెద్దగానే, వచ్చి కూర్చుంది.

"ఏవే తియో, నేను కనపడుతున్నానా?"

"ముక్కులో వెంట్రుకలతో సహా. కత్తిరించుకో, రేపు ఇంటినిండా జనం చూస్తారు."

వాడు నవ్వి, ఆ నవ్వు ఆపేసి అడిగాడు. "ఈ పెట్టెలోంచి చెప్తే సరిపోద్దంటావా చెల్లీ?"

"సరిపోయేలా నేను చేస్తాను," అన్నాను.

పెళ్ళిరోజు పొద్దున, చర్చికి వెళ్ళే ముందు, పెళ్ళికొడుకువాళ్ళు వండిన పందిమాంసంతో వచ్చారు. మా వదిన మసాలా పట్టించిన చేపలూ ఉలోసూ తెచ్చింది. టీవీ ముందు కొత్త చాప పరిచి, దాని మీద తమలపాకులు పెట్టాను. అందరూ వాళ్ళ వాళ్ళ చోట్లలో కూర్చున్నారు. జోంగీ పెద్దయ్య ఆఖర్న వచ్చి, గడపలో నిలబడి టీవీని చూశాడు, వంటింటి తలుపుని చూశాడు, నన్ను చూశాడు.

"మొహం బాగానే ఉందమ్మా. కానీ మీ అన్నని పళ్ళాలు మోసేవాళ్ళ మధ్య కూర్చోబెట్టావే."

మా ఇంట్లో ఎప్పుడూ లోపలి గోడ వైపు పుట్టింటివాళ్ళు కూర్చుంటారు, వంటింటి తలుపు దగ్గర అల్లుళ్ళ వైపువాళ్ళు కూర్చుని వడ్డిస్తారు. వంట చేస్తూ నేను చూడొచ్చని తోగార్ టీవీని వంటింటి పక్కన కట్టాడు. నేను తీగలు చూశాను, కన్నాలు చూశాను, బాణం గుర్తులు చూశాను. గదిని చూడలేదు. పార్లిన్ తన పక్కనే ఉన్న టీవీని చూసి, "మామగారూ, ఆ గంగాళం ఇలా అందుకోండి" అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"నేనెక్కడున్నాను?" అన్నాడు టీవీలోంచి మా అన్న. "నాకు పైకప్పు తప్ప ఏం కనపడట్లా."

నేను వంటింట్లోకి వెళ్ళి అటక మీంచి తోగార్ రంపం తీసుకొచ్చాను. అల్మరా కోసేస్తే టీవీ బయటికొస్తుంది, నలుగురు పట్టుకుంటే అటు గోడకి చేరుతుంది. దూమా పెళ్ళిబట్టల్లో వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది.

"అమ్మా, అది నాన్న చేసింది."

"నాన్న ఉంటే ఆయనే కోసేవాడు. వదులు."

రంపం పెట్టి లాగాను. మొదటి పొట్టు కొత్త చాప మీద రాలింది. నాకు ఏడుపొచ్చింది. ఆ మనిషి చేతులతో చేసినవాటిలో ఇంట్లో మిగిలింది ఆ అల్మరా ఒక్కటే. ఏడుస్తూనే రెండోసారి లాగాను. చెక్క గట్టిది, తోగార్ ఏదీ తేలిగ్గా చేసేవాడు కాదు.

"అదేం చప్పుడు? దూమా, ఈ కెమెరా కిందికి తిప్పమ్మా," అన్నాడు మా అన్న. దూమా ల్యాప్‌టాప్ మూత కొంచెం వంచింది. వాడు నన్ను చూశాడు, రంపం చూశాడు, గది చూశాడు. ఎవరూ చెప్పకుండానే సంగతి తెలిసిపోయింది, వాడు కూడా ఆ గదిలో ఎన్నోసార్లు కూర్చున్నవాడేగా.

"తియో, రంపం కింద పెట్టు." వాడి గొంతు గదంతా నిండింది. "పెద్దయ్యా, నేను ఇక్కడా కదల్లేను, అక్కడా కదల్లేను. కాళ్ళున్నవాళ్ళే కదలండి."

జోంగీ పెద్దయ్య తమలపాకు ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకి మార్చుకున్నాడు. ఏ ముత్తాత ఏమన్నాడో గుర్తు చేసుకుంటున్నట్టు చాలాసేపు నేల వంక చూశాడు. తర్వాత లోపలికొచ్చి, తనకోసం పరిచిన చాప తనే వంగి చుట్టాడు.

"పైవైపు అంటే గోడ కాదు," అన్నాడు. "పిల్లనిచ్చినవాడు కూర్చున్నదే పైవైపు. లేవండి."

ఇంటెడు మందీ లేచారు. చాపలు, చేపలు, పళ్ళాలు, ముసలమ్మలు, అందరూ అటువాళ్ళు ఇటు, ఇటువాళ్ళు అటు. పార్లిన్ లోపలి గోడ దగ్గరికి పోయి నిలబడి వంటింటి వంక దిగులుగా చూశాడు. "మరి మేం వడ్డించేదెలా? పుట్టింటివాళ్ళ తలల మీంచి పళ్ళాలు తేవాలా?"

"పెరటి తలుపులోంచి ఇంటిచుట్టూ తిరిగి వీధి గుమ్మంలోంచి తెండి," అన్నాను. "అల్లుళ్ళు నడిస్తే అరిగిపోరు." ఆ మాటకి మాత్రం అందరూ నవ్వారు.

అప్పుడు మా అన్న గొంతు సవరించుకున్నాడు. దూమా, పెళ్ళికొడుకు వచ్చి వాడి ముందు కూర్చున్నారు. వదిన ఉలోస్ విప్పి పట్టుకుంది. వాడు మంచం మీంచి ఎంత లేవగలడో అంత లేచి, కుడిచెయ్యి ముందుకి చాపాడు. గాజు నిండా వాడి అరచెయ్యే. వదిన ఉలోస్ అంచు తీసుకెళ్ళి ఆ అరచేతికి ఆనించి, తెచ్చి ఇద్దరి భుజాల మీద కప్పింది.

సరిగ్గా అప్పుడే బొమ్మ బిగుసుకుపోయింది. చాపిన చెయ్యి చాపినట్టే ఆగిపోయింది. దూమా ల్యాప్‌టాప్ వైపు కదలబోతే జోంగీ పెద్దయ్య చెయ్యెత్తి ఆపాడు. మాట వస్తోంది.

"అమ్మా దూమా, మీ ఇంటి మెట్లు అరిగిపోవాలి, వచ్చేవాళ్ళతో, పోయేవాళ్ళతో. మీ పొయ్యి ఆరకూడదు. మీరు పోట్లాడుకుంటే ఒకే దుప్పటి కింద పోట్లాడుకోండి. మీ అమ్మ పెళ్ళికి మా మామ రాలేదు. ఇవాళ ఆయన బదులు కూడా నేనే వచ్చాను. రెండు దీవెనలూ తీసుకోండి."

"హోరస్" అని, చల్లగా ఉండమని, ముమ్మారు అన్నారు అందరూ.

తర్వాత చేపలు పంచారు, మాంసం పంచారు. పార్లిన్ చెమటలు కక్కుతూ ఇంటిచుట్టూ తిరిగి, మా అన్న వాటా పెద్ద ముక్క తెచ్చి, రెండు చేతులతో టీవీ ముందు పెట్టి దణ్ణం పెట్టాడు. బొమ్మ ఇంకా కదల్లేదు, చెయ్యి అలాగే ఉంది. ఆ చాప మీద తమలపాకులు, మాంసం, కొంచెం టేకు పొట్టు తప్ప ఏమీ లేవు. మధ్యాహ్నం చర్చికి బయల్దేరేదాకా జనం దాన్ని తొక్కకుండా చుట్టూ తిరిగే వెళ్ళారు. అది ఖాళీ చాప అని ఒక్కరూ అనలేదు.