కంచు మనిషి మోకాలి కింద

మా ఆయన గెంగ్ షౌలి చేతిలో సూది ఉందంటే నోట్లో ఒక ప్రశ్న ఉండి తీరుతుంది. "ఇక్కడేగా?" అని. నడుం పట్టేసి వచ్చినవాడు బోర్లా పడుకుని మూలుగుతుంటే వాడినే అడుగుతాడు! పదకొండేళ్ళు ఫాన్ గురువుగారి దగ్గర సూది వైద్యం నేర్చుకున్న మనిషి అలా అడిగితే రోగి లేచి పారిపోడా?

ఆ అనుమానమే రెండేళ్ళుగా ఆయన్ని పరీక్షలో ముంచింది. మా ఊళ్ళో పరీక్ష అంటే కంచు మనిషి దగ్గరే. గురువుగారి ముత్తాత పోత పోయించిన నిలువెత్తు బొమ్మ అది. లోపలంతా బోలు, ఒళ్ళంతా సూది పట్టేటంత రంధ్రాలు. ఏటా ఐదో నెలలో, పడవ పందేల పండక్కి, ఆ రంధ్రాలు కనపడకుండా మైనం పూసి లోపల నీళ్ళు నింపుతారు. గురువుగారు మూడు చోట్లు చెప్తారు. సూది సరైన చోట దిగితే నీళ్ళు చిమ్ముతాయి. మూడూ చిమ్మితే ఇక సొంతంగా వైద్యం చేసుకోవచ్చు. మూడేళ్ళలో గట్టెక్కనివాడు మాత్రం సూదుల సంచి గురువుగారికి ఒప్పజెప్పి వెళ్ళిపోవాలి, జన్మలో మళ్ళీ సూది ముట్టకూడదు. మా ఆయనకు ఈ ఏడు మూడోది. తప్పితే నది గట్టున నడుస్తూ మేనమామ పడవకు తాడు లాగడమే గతి.

మైనం పూసేది నేను. మా అమ్మ నుంచి నాకొచ్చిన పని. ముందు వేడినీళ్ళు పోసి పాత మైనం కరిగించాలి, పంది వెంట్రుకతో ఒక్కో రంధ్రం పొడిచి శుభ్రం చెయ్యాలి, ఆ తర్వాతే కొత్త పూత.

పండక్కి రెండు రోజుల ముందు నేనా పనిలో ఉండగా మా ఆయన వచ్చి పక్కన కూర్చున్నాడు. కాసేపు నదిలో నీటిమట్టం గురించి మాట్లాడాడు. తర్వాత గొంతు తగ్గించి, మైనం మీద రంధ్రాలున్న చోట గోటితో చిన్న గీత పెడితే ఎవరికి తెలుస్తుందన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. పదకొండేళ్ళ చదువు తెచ్చి నా గోటి కింద పెడతావా అని కడిగేశాను. ఆయన తల దించుకుని వెళ్ళిపోయాడు. ఆ కోపంలో మైనం గిన్నె లాక్కుని ఒక పూత వెయ్యాల్సిన చోట రెండు దట్టించాను.

పండగ పొద్దున అందరి గుమ్మాలకూ మాచిపత్రి కట్టారు. వెదురాకుల అన్నం పొట్లాలు విప్పుకుని తింటూ సగం ఊరు గురువుగారి ముంగిట్లో చేరింది. మొదటి చోటు మణికట్టు లోపల. మా ఆయన తడిమాడు, కొలిచాడు, గుచ్చాడు. నీళ్ళు జివ్వుమని వచ్చాయి! రెండోది వీపు మీద. అక్కడా చిమ్మాయి!

మూడోది గురువుగారు చెప్పగానే జనం నవ్వారు. మోకాలి కింద మూడంగుళాలు. కడుపు బాగాలేకపోతే మా ఊళ్ళో అందరూ నొక్కుకునే చోటే అది. మూలికలమ్మే మావో పిన్ని, "ఇదైతే నా మనవడూ పొడుస్తాడు" అంది.

మా ఆయన నవ్వలేదు. సూది వైద్యంలో మూడంగుళాలంటే నాలుగు వేళ్ళ వెడల్పు, అదీ రోగి వేళ్ళే, వైద్యుడివి కాదు. కంచు మనిషి నాలుగు వేళ్ళ వెడల్పుకి సరిగ్గా గడ్డిపరక తుంచి, మోకాలి చిప్ప కింది గుంట నుంచి కొలిచి, ఎముకకు ఒక వేలు పక్కన సూది దించాడు. సూది నిటారుగా నిలబడింది. చుక్క నీరు రాలేదు.

గురువుగారు సంచి కోసం చెయ్యి చాపారు. మా ఆయన ఆ చేతిని చూశాడు, సూదిని చూశాడు.

"చోటు ఇదే, గురువుగారూ."

"మరి నీళ్ళేవి?"

"నీళ్ళ సంగతి నాకు తెలీదు. చోటు మాత్రం ఇదే."

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. పదకొండేళ్ళలో మొదటిసారి ఆయన నోట ప్రశ్న లేదు! గురువుగారి మొహం మాత్రం ఎర్రబడింది. నాలుగు తరాల కంచు మనిషి అబద్ధమాడుతోందా అని అడిగారు.

అప్పుడు గుర్తొచ్చింది. మా ఆయన వచ్చి కూర్చున్నప్పుడు నేను శుభ్రం చేస్తున్నది ఆ మోకాలే. గొడవయ్యాక వెంట్రుక మళ్ళీ పట్టుకోలేదు, నేరుగా మైనం గిన్నె అందుకున్నాను. చెప్తే అమ్మ ఇచ్చిన పని ఊరందరి ముందూ పోతుంది. అయినా ముందుకెళ్ళి చెప్పేశాను.

"మొగుడికి పెళ్ళాం సాక్ష్యమా? బాగుంది వరస" అంది మావో పిన్ని. జనం మళ్ళీ నవ్వారు.

ఎందుకు మర్చిపోయావని గురువుగారు అడిగారు. నేను నోరు తెరిచేలోపే మా ఆయనే అందుకున్నాడు.

"మైనం మీద గుర్తులు పెట్టమని అడిగానండి. ఇది తిట్టి పంపేసింది."

ఇక అయిపోయిందనుకున్నాను. గురువుగారు కొమ్ముతో చేసిన కత్తి నా చేతికిచ్చి, సూది కదలకుండా మైనం గీకమన్నారు.

మొదటి పూత ఊడింది, రెండోదీ ఊడింది. కంచు మెరిసింది. పాత మైనం గట్టిపడి గోధుమ రంగులో బిగుసుకున్న రంధ్రం, దాని నట్టనడుమ సూది! వెంట్రుకవాసి అటూ ఇటూ లేదు. జనం తోసుకుంటూ మీద పడ్డారు. గురువుగారు సూది తీసి, వంగి, సన్నటి ఇనపచువ్వ ఎర్రగా కాల్చి అందులో దించారు. పాత మైనం కరిగి, నీళ్ళు తిన్నగా వెళ్ళి ఆయన గడ్డాన్ని తడిపేశాయి. అందరికంటే పెద్దగా కేక వేసింది మావో పిన్నే.

గురువుగారు గడ్డం తుడుచుకోలేదు.

"గీతలు పెట్టమన్నందుకు నిన్ను వెళ్ళగొట్టాలిరా. కానీ మనుషుల ఒంటికి రంధ్రాలుండవు, నీళ్ళూ చిమ్మవు. చెయ్యి చెప్పింది నమ్మినవాణ్ణి ఈ ముంగిట్లో ఇవాళే చూశాను. సంచి నీ దగ్గరే ఉంచుకో."

మా ఆయన నేల మీద కూలబడి ఏడ్చేశాడు. నేనూ ఏడ్చాను, సిగ్గేం లేదు. తర్వాత గురువుగారు నావైపు తిరిగారు. పని ఊడిందనుకుని కత్తి తిరిగివ్వబోయాను. ఆయన తీసుకోలేదు.

"వచ్చే ఏటి నుంచి ఒక రంధ్రం కావాలనే మూసిపెట్టమ్మా. అది ఏదో నాక్కూడా చెప్పొద్దు."