అరగంట తర్వాత నీళ్లు

సిద్దిపేటలో ఒంట్లో బాగాలేని మనిషిని చూడడానికి వెళ్లేవాళ్ల చేతిలో డబల్ రొట్టె ఉంటుంది. జ్వరానికీ అదే, కాన్పుకూ అదే, కాలు విరిగినా అదే. మెత్తగా ఉంటుంది, పాలలో నానుతుంది, నమలనక్కర్లేదు కనుక రోగికి అంతకన్నా మంచిది లేదని అందరి నమ్మకం. నలభై ఆరేళ్లు వచ్చేదాకా జ్ఞానేశ్వరి కూడా అలాగే నమ్మింది. అందుకే, ఇకమీదట ఆమె అన్నిటికన్నా ఎక్కువగా భయపడవలసింది మెత్తని రొట్టెకేనని హైదరాబాదు డాక్టరు చెప్పినప్పుడు, ఆయన పరాచికమాడుతున్నాడనుకుని నవ్వింది.

ఆమెను ఆ డాక్టరు దగ్గరికి చేర్చింది ఒక ప్లాస్టిక్ కుర్చీ. రెండువేల తొమ్మిది డిసెంబరులో ప్రత్యేక రాష్ట్రం కోసం ఊరూరా దీక్షా శిబిరాలు వెలిశాయి. ఒక ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుగా పనిచేస్తున్న జ్ఞానేశ్వరి తోటి ఉద్యోగులతోపాటు ఒకనాడు రిలే దీక్షకు కూర్చుంది. మధ్యాహ్నం వేళ ఆమె కుర్చీ వెనక కాళ్లు మెల్లమెల్లగా పక్కలకు ఒరిగిపోయాయి. ఆమె పడిపోలేదు, కూర్చున్న మనిషి కూర్చున్నట్టే నేలకు దిగింది. ఉద్యోగ సంఘం నాయకుడు సిద్ధయ్య అప్పుడు మైకు పట్టుకుని ఉన్నాడు. "లీడర్లు జెయ్యకున్నా మేడమ్ కుర్చీ రాజీనామ చేసింది" అన్నాడు. శిబిరమంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది. మోకాళ్ల నొప్పులు గానీ, చక్కెర వ్యాధి గానీ, భర్త భూపతి పోరు గానీ చేయలేని పనిని ఆ నవ్వు చేసింది. ఏడాదిన్నర తిరిగేసరికి ఆమె ఆపరేషను బల్ల మీద ఉంది.

కడుపు లోపల జీర్ణాశయం పైభాగం చుట్టూ ఒక సన్నని పట్టీ బిగించారు. దానికి తగిలించిన గొట్టం కొసన, చర్మం కింద, రూపాయి బిళ్లకన్నా కొంచెం పెద్దదైన గట్టి బిళ్ల ఒకటి అమర్చారు. ఆ బిళ్లలోకి సూదితో నీరు ఎక్కిస్తే పట్టీ బిగుస్తుంది, తీస్తే వదులవుతుంది. తిన్నదేదైనా ఆ ఇరుకు దారిలో నుంచే కిందికి దిగాలి. అందువల్ల కొద్దికొద్దిగా, బాగా నమిలి, మాట్లాడకుండా తినాలి. తింటూ నీళ్లు తాగకూడదు, తిన్న తర్వాత కూడా అరగంట ఆగాలి. మెత్తని రొట్టె, ముద్దన్నం, పాస్తా వంటివి నమిలినకొద్దీ జిగురుగా మారి, లోపల మళ్లీ ముద్ద కట్టి దారికి అడ్డం పడతాయి. ఇవీ డాక్టరు చెప్పిన నియమాలు.

సన్నబడడానికి కడుపు కోయించుకున్నానని ఆఫీసులో చెబితే సిద్ధయ్య మైకు మళ్లీ అందుకుంటాడని జ్ఞానేశ్వరికి తెలుసు. గర్భసంచి తీశారని చెప్పింది. ఆ మాట విన్న మగవాళ్లు చూపు తిప్పుకుంటారు, ఆడవాళ్లు తలాడిస్తారు, అంతటితో ప్రశ్నలు ఆగిపోతాయి. అబద్ధమే ఆడదలిస్తే ఎవరూ ఆరా తీయనిదాన్ని ఎంచుకోవాలని, ఇనుప సామాను దుకాణం నడిపే భూపతి కూడా అన్నాడు. అతని లెక్కలోకి ఒక మనిషి రాలేదు.

ఆ మనిషి ఆఫీసు అటెండరు కొండవ్వ. ఆదివారం పూట జానీ పాషా బేకరీలో అప్పుడే దించిన డబల్ రొట్టె కొంగు చాటున పెట్టుకుని వచ్చింది. కుర్చీ వేస్తే వద్దని మంచం పక్కన నేల మీద కూర్చుంది. తనకు ముప్పై ఏళ్లు నిండకముందే గర్భసంచి తీశారని, తీయవలసిన జబ్బు ఉండెనో లేదో ఇప్పటికీ తెలియదని, ఆ తర్వాత అత్తవారింట్లో తనను ఏమేమన్నారో, పెనిమిటి ఎన్నాళ్లు ముఖం చాటేశాడో పూసగుచ్చినట్టు చెప్పింది. ఆఫీసులో ఎవరికీ ఆ సంగతి తెలియదు.

"లోపల ఖాళీ జాగ తెలుస్తది సూడు అక్కా, గది మనసొంటోళ్లకే ఎరుక" అంది.

జ్ఞానేశ్వరి తల ఊపింది. నోటితో ఒక్క మాట కూడా అబద్ధమాడలేదు. తల మాత్రం ఊపింది. అంతకుముందు పదేళ్లుగా మేడమ్ అని పిలిచిన కొండవ్వ ఆ రోజునుంచి అక్కా అని పిలవసాగింది.

తెచ్చిన రొట్టె తినే వీలు లేదు. భూపతికి మైదా సరిపడదు. రెండు మూడు రోజులు అలమారలో ఉండి బూజు పట్టేలోగా జ్ఞానేశ్వరి దాన్ని వాకిట్లో తిరిగే మేకకు వేసింది. సరిగ్గా ఆ వేళకు కొండవ్వ ఇంటి పెరుగు గిన్నెతో గేటు దగ్గరికి వచ్చింది. రొట్టె చుట్టిన కాగితం, దాని మీద జానీ పాషా బేకరీ పేరు, మేక నోరు, మూడూ ఆమెకు ఒకేసారి కనిపించాయి. పెరుగు గిన్నె అరుగు మీద పెట్టి, పనుందని చెప్పి వెళ్లిపోయింది.

సెలవు ముగించుకుని ఆఫీసుకు వచ్చిన జ్ఞానేశ్వరి డాక్టరు చెప్పిన నియమాలన్నీ తు.చ. తప్పకుండా పాటించింది. నమలడం ఎవరూ చూడకూడదని వేరే గదిలో ఒంటరిగా తినేది. తన చిన్న డబ్బాలోదే తినేది. బోనాల నాడు కొండవ్వ తెచ్చిన బెల్లపన్నం వద్దంది. తిన్న వెంటనే కొండవ్వ మంచినీళ్ల గ్లాసు తెస్తే, బల్ల మీద పెట్టి వెళ్లమని చెప్పి, ముట్టుకునేది కాదు. కొండవ్వది మాదిగవాడ, జ్ఞానేశ్వరిది కోమటి ఇల్లు. వేరుగా కూర్చోవడం, ఇతరుల వంట తినకపోవడం, చేతి నీళ్లు ముట్టకపోవడం అనేవి డాక్టరు నియమాల వల్ల వచ్చినవే అయినా, వాటికన్నా వందల ఏళ్ల ముందే ఈ నేల మీద అవే ఆంక్షలను ఇంకొకరు పెట్టి ఉన్నారు. చూసేవాళ్లకు రెంటికీ తేడా కనబడదు. ఆ పోలిక జ్ఞానేశ్వరికి తట్టనే లేదు. కొండవ్వ అక్కా అనడం మానేసి మళ్లీ మేడమ్ అనడం మొదలుపెట్టినప్పుడు గానీ, ఏదో తప్పు జరిగిందని ఆమె గ్రహించలేదు.

రెండువేల పదకొండు సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. ఆఫీసులకు తాళాలు పడ్డాయి, బస్సులు డిపోలు దాటలేదు. అంతకు కొద్ది రోజుల ముందే డాక్టరు సూదితో నీరు ఎక్కించి జ్ఞానేశ్వరి పట్టీని బిగించి పంపాడు. బిగింపు ఎక్కువైందని ఇంటికొచ్చాక తెలిసింది. వదులు చేయించుకోవడానికి హైదరాబాదు పోవాలి. పోయే దారిని మూసినవాళ్లలో తాను కూడా ఒకతె కాబట్టి, కారు మాట్లాడతానని భూపతి అంటే వద్దంది.

హైదరాబాదులో చదివే కూతురు అనూహ్య కాలేజీ మూతపడి ఇంట్లోనే ఉంది. తల్లికి ఏదైనా దిగే తిండి కనిపెట్టాలని పూనుకుంది. తాను తెచ్చుకున్న పాస్తాను టమాట రసంలో బాగా మెత్తబడేదాకా ఉడికించింది. రెండు ముక్కలు దిగాయి. మూడోది ఛాతీలోనే ఆగి, కాసేపటికి వెనక్కి వచ్చింది. అదే పాస్తాను గట్టిగా ఉండగానే దించి, చిన్న ముక్కలుగా కోసి పెడితే కొంత నయమనిపించింది. రొట్టె సంగతీ అంతే. తాజా రొట్టె తునకంత కూడా దిగలేదు. పెనం మీద గోధుమ రంగు దాటేదాకా కాల్చి, కరకరమనేటప్పుడు నమిలితే పొడిపొడిగా దిగింది. మెత్తదనం మంచిదని తన ఇల్లూ ఊరూ నేర్పినదంతా ఆమె ఒంట్లో తలకిందులైంది.

కొండవ్వ ముభావంగా ఉంటోందని తల్లి చెబితే అనూహ్య, ఉన్న సంగతి చెప్పేస్తే పోతుంది కదా అంది. చెబితే మొదటి అబద్ధం బయటపడుతుందని జ్ఞానేశ్వరి ఆలోచన. కుర్చీ నాటి నవ్వు కన్నా కొండవ్వ మౌనమే ఆమెను ఎక్కువ బాధించసాగింది. అయినా ఆ మౌనాన్ని పోగొట్టుకోవాలంటే ఆ నవ్వును మళ్లీ కొని తెచ్చుకోవాలి.

సమ్మె సాగుతుండగా రాజీవ్ రహదారి మీద వంటావార్పు పెట్టారు. ఉద్యోగులంతా రోడ్డు మధ్యన రాళ్ల పొయ్యిలు పెట్టి అక్కడే వండి, అక్కడే బారులు తీరి కూర్చుని తింటారు. పెద్ద డేగిసాలో అన్నం వార్చే పని కొండవ్వది. కులమూ లేదు, కేడరూ లేదు, అందరిదీ ఒకే బంతి అని సిద్ధయ్య ప్రసంగించాడు. పత్రికల ఫొటోగ్రాఫర్లు రాగానే ఒకరికొకరు తినిపించుకోవడం మొదలైంది. ముద్దన్నం తనకు దిగదని తెలుసు కనుక జ్ఞానేశ్వరి ఆరోగ్యం బాగాలేదని, అన్నం మానేశానని ముందే చెప్పి, బంతి చివర కూర్చుంది.

కొండవ్వ ఆ మాట విన్నది. తెడ్డు పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, రోడ్డు దాటి జానీ పాషా బేకరీకి పోయి డబల్ రొట్టె తెచ్చింది. బంతి ముందు నుంచి నడుచుకుంటూ వచ్చి జ్ఞానేశ్వరి ఎదుట నిలబడింది.

"అన్నం బందు వెట్టిన్రట గద మేడమ్. మంచిది. గిది బీమారోళ్లు తినేదే. గిదన్న నా చేతితోని తింటరా?"

నెమ్మదిగానే అన్నా చుట్టుపక్కలవాళ్లు తల తిప్పి చూశారు. మేక, కాగితం, ముట్టని గ్లాసులు, వద్దన్న బెల్లపన్నం అన్నీ ఒక వరుసలో జ్ఞానేశ్వరి కళ్ల ముందుకు వచ్చి నిలిచాయి. ఇన్ని రోజులూ తాను చేసింది ఎదుటి మనిషికి ఎలా కనిపించిందో అప్పుడే మొదటిసారి తెలిసింది. వద్దనడానికి ఏ సాకూ మిగలలేదు. నోరు తెరిచింది.

కొండవ్వ తుంచి పెట్టింది. జ్ఞానేశ్వరి నమలసాగింది. "ఏంది మేడమ్, నెమరేస్తున్నవా" అని సిద్ధయ్య అటునుంచి అన్నాడు. నలుగురు నవ్వారు. ఆమె మింగింది. కొండవ్వ రెండో ముక్క పెట్టింది. దాన్నీ మింగింది. రెండూ రొమ్ము ఎముక వెనక కలుసుకుని ఆగిపోయాయి. అక్కడ ఎవరో పిడికిలి బిగించినట్టయింది. నోటినిండా జిగురు ఉమ్మి ఊరసాగింది. మింగుదామంటే అదీ దిగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లేచి, ఆగి ఉన్న లారీల వరస వెనక్కి నడిచింది.

కొండవ్వ నీళ్ల చెంబుతో వెంట వచ్చింది. నీళ్లు తాగితే నొప్పి పెరుగుతుంది. జ్ఞానేశ్వరి చెంబును తోసేసింది.

"గిప్పుడు గూడ నా నీళ్లు వద్దా?"

జ్ఞానేశ్వరి లారీ చక్రానికి చేయి ఆనించి వంగింది. రొట్టె వెనక్కి వచ్చింది. పులుపు లేదు, రంగు మారలేదు, పిండిముద్దలాగే తెల్లగా ఉంది. కొండవ్వ వంగి దాన్ని పరీక్షగా చూసింది.

"గిదేంది? పోయింది పోయినట్టే వచ్చింది."

జ్ఞానేశ్వరి ఊపిరి తీసుకుంది. కొండవ్వ చేయి పట్టుకుని, చీర కుచ్చెళ్ల పైన, పొట్ట మీద ఒకచోట ఆనించింది. వేళ్లకు చర్మం కింది బిళ్ల గట్టిగా తగిలింది. కొండవ్వ చేయి తీసుకోబోయి, మళ్లీ ఆనించి, ఆ అంచుల వెంట వేలు తిప్పింది.

"సన్నబడాలని కడుపుకు పట్టీ వేయించుకున్న. దాంతోని మెత్తటి రొట్టె దిగదు. తిన్నంక అరగంట దాకా నీళ్లు తాగొద్దు. నీ చెయ్యి అని కాదు కొండవ్వా. ఎవరి చెయ్యైనా అంతే."

లారీ అవతల ఎవరో నినాదం అందుకున్నారు. కొండవ్వ చేయి వెనక్కి తీసుకుంది.

"అంటే నీకు గర్భసంచి ఉన్నది."

"ఉన్నది."

"మరి ఆ పొద్దు నా ముచ్చటంత చెప్తుంటె తల ఎందుకూపినవ్?"

అలా తల ఊపడానికి డాక్టరు బాధ్యుడు కాదు, పట్టీ కూడా కాదు.

"కులం అనుకున్నప్పుడు బాధైంది గని సమజైంది" అంది కొండవ్వ. "ఎప్పటి నుంచో సూస్తున్నదే గదా. గిదే సమజైతలేదు."

చెంబులోని నీళ్లతో నేలను కడిగి, కాలితో మట్టి తోసి కప్పింది. బంతి దగ్గరికి వెళ్లి, మేడమ్‌కు పైత్యం చేసింది, ఎండ దెబ్బ అయి ఉంటుందని అడగకముందే అందరికీ చెప్పింది. పైత్యానికి డబల్ రొట్టె మంచిదే కదా అని సిద్ధయ్య అంటే, నీ సంగతి నువ్వు చూసుకోమంది. ఆ అబద్ధం వల్ల జ్ఞానేశ్వరి గుట్టు బయటపడలేదు. కొండవ్వ దాచింది తన మీద దయతోనా, లేక లారీ వెనకాల మాటలు బయటికి వస్తే ఆమె గర్భసంచి ముచ్చట కూడా బయటికి వస్తుందనా అని జ్ఞానేశ్వరి చాలాసార్లు ఆలోచించింది. అడిగే హక్కు తనకు లేదని మాత్రం తేల్చుకుంది.

అక్టోబరు నెలాఖరులో ఆఫీసు తెరిచారు. బస్సులు తిరగగానే జ్ఞానేశ్వరి హైదరాబాదు వెళ్లి పట్టీని వదులు చేయించుకుని వచ్చింది. ఈసారి వేరే గదిలోకి పోలేదు. అందరూ తినేచోటే కూర్చుని, కాల్చిన రొట్టె ముక్కలు చిన్నచిన్నగా విరిచి నెమ్మదిగా నమిలింది. సిద్ధయ్య, గట్టిపడిన రొట్టె ఎందుకు తింటున్నావని అడిగితే, మెత్తటిది దిగదని చెప్పింది. ఎందుకు దిగదని అడిగితే, ఆపరేషను ఏమిటో నాలుగు మాటల్లో చెప్పింది. అతను నిజంగానే నవ్వాడు. ఆ నవ్వు అంత పెద్దదేమీ కాదని ఆమెకు తోచింది.

కొండవ్వ వరండాలో తోటి ఆడవాళ్లతో కూర్చుని తన సద్ది తిన్నది. ఇటు చూడలేదు. డబ్బాలు కడిగి, బల్లలు తుడిచి, ఫైళ్లు ఒక గదినుంచి ఇంకో గదికి చేర్చింది. ఆ తర్వాత గ్లాసుతో నీళ్లు తెచ్చి జ్ఞానేశ్వరి ముందు పెట్టింది.

"అరగంటయింది. తాగు."

మేడమ్ అనలేదు. అక్కా అని కూడా అనలేదు. జ్ఞానేశ్వరి గ్లాసు ఎత్తి తాగసాగింది. ఖాళీ గ్లాసు తీసుకుపోవడానికి కొండవ్వ కిటికీలోంచి రోడ్డు వైపు చూస్తూ అక్కడే నిలబడింది.