సీలు చెక్కుచెదరని బండి

నేను ఒక నీలిరంగు కారుని. నాలుగు చక్రాలూ బాగున్నాయి, తాళం తిప్పగానే ఇంజను అందుకుంటుంది. అయినా విజయవాడ పటమటలో చంద్రమౌళిగారి షెడ్డులోంచి అంగుళం కదలలేను. నా హ్యాండ్‌బ్రేకు చేత్తో లాగేది కాదు. బటన్ నొక్కితే లోపలున్న మోటారు వేస్తుంది, మళ్ళీ నొక్కితే తీస్తుంది. ఒకరోజు వేసింది, ఇక తియ్యలేదు.

నన్ను తయారుచేసినవాళ్ళు ఆ మోటారుని ఓ పెట్టెలో పెట్టి సీలు వేశారు. పాడైతే పెట్టె మొత్తం మార్చాల్సిందే, లోపల ఎవరూ చెయ్యి పెట్టకూడదు. ఫ్యాక్టరీలో దాన్ని గొప్పగా చెప్పుకుంటుంటే తెలివితక్కువగా నేనూ మురిసిపోయాను.

చంద్రమౌళిగారు రిటైరైన లెక్చరర్. మా కంపెనీ అంటే ఆయనకి ప్రాణం. ఊళ్ళో ఈ కార్లున్నవాళ్ళని కూడగట్టి సంఘం కూడా పెట్టారు. కానీ నన్ను ఎక్కువగా నడిపింది ఆయన భార్య అనసూయమ్మ. యాభై దాటాక నా మీదే డ్రైవింగు నేర్చుకుంది. పొట్టి మనిషి కావడంతో సీటు మీద పూల దిండు వేసుకుని, వారం వారం మంగళగిరిలో వీణ క్లాసుకి ఒక్కతే వెళ్ళేది. గేటు దాటగానే ఉత్తినే రెండుసార్లు హారన్ కొట్టేది. అది నాకోసమే అనుకునేదాన్ని.

నేను ఆగాక ఆవిడా ఆగిపోయింది. "స్కూటరు మీద దింపుతాలే" అనేవారు ఆయన. క్లాసు టైముకి మాత్రం ఏదో పని తగిలేది.

ఆటోనగర్ నుంచి మెకానిక్ జానీబాషాని ఆవిడే పిలిపించింది. అతను నా కింద దూరి చూసి, "మోటారు విప్పితే చక్రం వదలొచ్చమ్మా. గ్యారంటీ ఇవ్వలేను. పెట్టె సీలు మాత్రం తెంచాలి" అన్నాడు.

"తెంచెయ్ నాయనా."

చంద్రమౌళిగారు అడ్డొచ్చారు. "బయటివాళ్ళ చెయ్యి పడితే ఇక అది కంపెనీ బండి కాదు. కొత్త పెట్టె వస్తుంది, ఆగు."

రాలేదు. అమ్మకాలు పడిపోయి కంపెనీ విడిభాగాలు పంపడం మానేసింది.

ఓ ఆదివారం సంఘం నా చుట్టూ చేరింది. ఉప్మా ప్లేట్లు నా బానెట్ మీదే పెట్టుకున్నారు.

"జనానికి అభిరుచి లేదండీ, అందుకే కొనట్లేదు" అన్నారు చంద్రమౌళిగారు.

"రిపేరుకి లొంగని బండిని ఎవరు కొంటారండీ?" అన్నాడు వంశీధర్ అనే సభ్యుడు.

"కొంటే కదా స్పేర్లు వచ్చేది."

"స్పేర్లుంటే కదా కొనేది."

కాఫీలు తెచ్చిన అనసూయమ్మ, "ముందు ఈ ఒక్కదాన్ని కదిలించండి" అంది. అందరూ నవ్వారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

కంపెనీ మూతపడేలా ఉందని చివరికి తేల్చారు. దాంతో నా పరువు అమాంతం పెరిగిపోయింది. సీలు చెక్కుచెదరని బండి ఊళ్ళో ఇదొక్కటే, భద్రంగా దాచాలన్నారు. మందపాటి కవరు తెప్పించారు.

అది కప్పేముందు అనసూయమ్మ వచ్చి స్టీరింగు మీద చేతులు వేసి కాసేపు కూర్చుంది. వెళ్తూ దిండు తీసుకుపోయింది. ఉతకడానికేమో అనుకున్నాను.

ఈ ఉదయం గేటు బయట ఏదో ముసలి ఇంజను దగ్గుతోంది. "పాతదేనమ్మా, కానీ ఏ బోల్టైనా విప్పుకోవచ్చు" అంటున్నాడు జానీబాషా. తలుపు పడింది. చేత్తో వదిలిన హ్యాండ్‌బ్రేకు కిర్రుమంది.

రెండుసార్లు హారన్ మోగింది. నాది కాదు.