నిప్పుకోటలో చెల్లెలు

కాకినాడ నుంచి నన్ను చూడటానికి వచ్చిన సత్యప్రసాద్‌కి ఉద్యోగం పోర్టులో అయినా, పేరు మాత్రం యూట్యూబ్‌లో. ఒకే కథను నాలుగైదు సినిమాలుగా సాగదీసే సిరీస్‌లకు రివ్యూలు చెబుతాడు. లక్షల మంది చూస్తారట. ఆ మాట విన్నప్పటి నుంచి మా నాన్న చంద్రరావు గారు మండపేటలో కనిపించినవాళ్లందరికీ సంబంధం ఖాయమైనట్టే చెప్పుకొస్తున్నారు. నేను కాదంటే ఆయన తలెత్తుకు తిరగలేరు.

అబ్బాయి తల్లి రత్నమాణిక్యం గారు కాజా తుంచుతూ, "మా అమ్మాయి కూడా వస్తానందండి, పెద్దాపురం ఇచ్చాం, అక్కడ..." అని మొదలుపెట్టారు.

"ఇప్పుడు దాని సంగతి అవసరమా అమ్మా?" అన్నాడతను.

ఆవిడ కాజా నోట్లో పెట్టుకున్నారు.

కాసేపు మాట్లాడుకోమని మా ఇద్దర్నీ వరండాలో కూర్చోబెట్టారు. వంట వచ్చా అని అడుగుతాడనుకున్నాను. అదే నయం.

"నిప్పుకోట నాలుగు భాగాలూ చూశారాండి?"

"చూశానండి."

"రిలీజైన వరసలోనా, కథ జరిగిన వరసలోనా?"

నేను హైస్కూల్లో లెక్కల టీచర్ని. పబ్లిక్ పరీక్షల ముందు కూడా పిల్లల్ని ఇంత గంభీరంగా ఏదీ అడగలేదు. జవాబు కోసం అతను ఆగనూ లేదు. రెండో భాగంలో చచ్చిన విలన్ మూడో భాగంలో లేచొస్తే అది దర్శకుడి ముందుచూపట. హీరో ఉంగరం ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారితే అది రాబోయే భాగానికి సూచనట. ఆ ఉంగరం మీదే గంట వీడియో చేశాడట. తీసినవాళ్లు మర్చిపోయిన దానికి కూడా ఇతను అర్థం చెబుతాడు. ఇంత చదువు చదివి దీనికా అని అసహ్యం వేసింది, నవ్వూ వచ్చింది.

"ఒక డౌటండి. మొదటి భాగంలో గొడవంతా హీరో చెల్లెలి పెళ్లి గురించే కదా. తర్వాత ఆ అమ్మాయి ఏమైందండి?"

"చెల్లెలా?" ఫోన్ తీసి తన వీడియోలన్నీ వెతికాడు. ఎక్కడా లేదు. "పెళ్లయిపోయింది కదండీ. ఇంక కథకి ఆవిడ అవసరం లేదు."

ఎప్పుడొచ్చారో, గుమ్మంలో రత్నమాణిక్యం గారు నిలబడి ఉన్నారు.

"కారెక్కుతూ వెనక్కి తిరిగి చూస్తుందమ్మా ఆ పిల్ల," అన్నారు నాతో. "అంతే. మళ్లీ చూపించలేదు."

"నీకు తెలీదు, ఊరుకో అమ్మా," అన్నాడతను.

వాళ్లు వెళ్లిపోగానే నాన్న సంబరంగా నా దగ్గరికొచ్చారు.

"కుర్రాడికి ఎంత నాలెడ్జో చూశావా. ఏం చెప్పమంటావు?"

"వద్దని చెప్పండి నాన్నగారూ."

"ఎందుకమ్మా?"

"పెళ్లయ్యాక ఆడపిల్ల ఏమైపోయినా ఆయనకి కనపడదండి. సినిమాలోనే కాదు, ఇంట్లో కూడా."

నాన్నకి కోపం వచ్చింది. ఊళ్లో ఏం చెప్పుకోవాలన్నారు. ఆ తర్వాత కుర్చీలో కూలబడ్డారు.

"ఇంతకీ వాళ్ల అమ్మాయి పేరేంటి?" అని అడిగారు చివరికి.

నాకూ తెలియదు. వచ్చిన దగ్గర నుంచి వెళ్లేదాకా ఆ పేరు ఎవరూ అనలేదు.