శనివారం పొయ్యి

ఆవిరిస్నానాల గది పొయ్యిలో మరో రెండు కట్టెలు వేసి, సైమీ నడుం పట్టుకుని లేచింది. శనివారం పొద్దెక్కిన దగ్గర్నుంచీ ఆ పొయ్యిని కనిపెట్టుకుని ఉండాలి, లేకపోతే సాయంత్రానికి దాని మీద పేర్చిన రాళ్ళు కాగవు. కాగాక, ముందు మగవాళ్ళు వెళతారు. రాళ్ళ మీద నీళ్ళు పోసుకుని, ఒళ్ళంతా చెమట పట్టించుకుని, ఎర్రబడ్డ మొహాలతో బయటికొచ్చి బీరు తాగుతారు. తర్వాత అత్తగారు ఫీనా. ఆఖర్న సైమీ. అప్పటికి రాళ్ళు చల్లారిపోయి, నీళ్ళు పోస్తే సుయ్‌మని కూడా అనవు. పెళ్ళయిన కొత్తలో ఓసారి తను ముందు వెళ్ళొచ్చా అని అడిగితే అత్తగారు నవ్వింది. "నదిలో తడిసొచ్చేది నా కొడుకా, నువ్వా?"

తనూ తడుస్తుంది. కొండ కింద, కొలంబియా నది ఒడ్డున ఉన్న చేపల ఫ్యాక్టరీలో చన్నీళ్ళలో చేతులు నానబెట్టి సాల్మన్ చేపలు కడుగుతుంది, ముక్కలు డబ్బాల్లోకి ఎక్కిస్తుంది. ఆస్టోరియా ఊళ్ళో ఫ్యాక్టరీకో కూత. చేపతో పడవలొచ్చాయంటే కూస్తుంది. అది తన ఫ్యాక్టరీదో కాదో గిన్నెలు తోముతున్న ఆడదానికి ఇట్టే తెలిసిపోతుంది, చేతిలో పని అక్కడే పడేసి పరుగెడుతుంది. మొన్న అత్తగారికి జబ్బుచేసినప్పుడు సైమీ రెండు కూతలకి వెళ్ళలేకపోయింది. "ఇంకోసారి రాకపోతే నీ బల్ల దగ్గర వేరే మనిషిని నిలబెడతానమ్మా, తర్వాత నన్ను అనొద్దు" అని సూపర్‌వైజరు మొహం మీదే చెప్పేసింది. ఆ బల్ల పోతే సైమీకి ఈ నాలుగు గోడలే మిగులుతాయి. చేతులు కొంకర్లు పోతున్నా అక్కడ నవ్వుంది. మొగుళ్ళ మీద జోకులున్నాయి. అక్కడ ఎవరూ తనని ఏమే అని పిలవరు.

మొగుడు ఆర్వోకి ఆ బల్లంటేనే మంట. "పడవున్నవాడి పెళ్ళాం చేపల కంపు కొట్టుకుంటూ తిరగడమేమిటే? నా పరువేం కావాలి? ఈ వారంతో మానెయ్" అన్నాడు నిన్న. ఆ పడవలో వల ఉందే, అది చలికాలమంతా కిటికీ పక్కన కూర్చుని, కళ్ళు పోగొట్టుకుని తను అల్లింది. రేవులో మాత్రం దాన్ని అందరూ ఆర్వో వల అంటారు. కడుపు మండిపోతుంది సైమీకి. మండినా ఏం లాభం, మళ్ళీ అదే చేత్తో కాఫీ కలపాలి.

ఇవాళ అతిథి కూడా ఉన్నాడు. హాలిస్‌గారని, రిటైరైన టీచరు. ఊరి చరిత్ర, ఊళ్ళో పరిశ్రమలు అంతా కలిపి పుస్తకం రాస్తున్నాడట. మధ్యాహ్నానికే వచ్చి, ఆర్వో చెప్పేదంతా రాసుకుంటున్నాడు. అయ్యాక ఇద్దరూ ఆవిరికి వెళతారు.

సైమీ ఏలకుల రొట్టె కోసి పెట్టింది. ఆర్వో తుఫాన్ల గురించి, నదీముఖం దగ్గర మునిగిన పడవల గురించి చెప్పుకుపోతున్నాడు. అంతా నిజమే, కాదని ఎవరన్నారు?

"మరి ఆడవాళ్ళో, ఆర్వోగారూ?" అన్నాడు హాలిస్. "ఫ్యాక్టరీలన్నీ వాళ్ళ చేతుల మీదే నడుస్తున్నాయంటారు కదా."

"ఎవరిళ్ళలోనో నడిపిస్తున్నారేమో. మా ఇంట్లో ఆడవాళ్ళకి పనిచెయ్యాల్సిన అవసరం రాలేదండీ. ఆ మాటా రాసుకోండి."

హాలిస్ రాసుకున్నాడు. కాఫీ పోస్తున్న సైమీ చెయ్యి ఆగిపోయింది. వేళ్ళ నిండా డబ్బా అంచులు కోసిన గాట్లు. అటు చూస్తే, అత్తగారు తన వంకరపోయిన వేళ్ళని మెల్లగా ఏప్రన్ కింద దాచుకుంటోంది. ఆవిడా ఒకప్పుడు ఆ బల్ల దగ్గర నిలబడ్డ మనిషే. ఇంతకాలం ఆవిడ మీద పెంచుకున్న కోపం ఏమయిందో గాని, సైమీకి ఆ వేళ్ళు చూస్తే ఏడుపొచ్చింది.

అప్పుడే కొండ కింద కూత వినిపించింది. సన్నగా మొదలై చివర్లో జీరపోయే గొంతు. తన ఫ్యాక్టరీదే.

ఆర్వో తలెత్తాడు. చూపుతోనే కదలొద్దన్నాడు. "సైమీ, కాఫీ" అన్నాడు గట్టిగా.

సైమీ కెటిల్ బల్ల మీద పెట్టింది. ఇంటి ఏప్రన్ విప్పి కుర్చీకి తగిలించి, తలుపు వెనకున్న రబ్బరు ఏప్రన్ తీసింది. ముడి వేసుకోబోయింది. అత్తగారు లేచొచ్చి, ఆ వంకర వేళ్ళతోనే వెనక ముడి బిగించింది.

"ఏమే, ఎక్కడికి?" ఆర్వో కుర్చీ వెనక్కి తోసి లేచాడు. "అతిథి ముందు ఈ వేషాలేమిటి? ఆ పొయ్యిలో కట్టెలెవరు వేస్తారు?"

సైమీ గడప దగ్గర ఆగింది. అతని వైపు కాక, పెన్ను పట్టుకుని నోరు తెరిచి చూస్తున్న హాలిస్ వైపు చూసింది.

"ఈ ఇంట్లో పనిచెయ్యని ఆడవాళ్ళున్నారటగా," అంది. "వాళ్ళని వెయ్యమనండి."